ఎర్రదిన్నెకు రాని బస్సు

సిద్దమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతుండగా కొడుకు ఫోను వచ్చింది. మారుతి బెంగుళూరులో సెంట్రింగు పనిచేస్తాడు.

"అమ్మా, సరళను రాత్రే రాయదుర్గం బస్సెక్కించినా. నెలలు నిండినాయి, ఈ రేకుల షెడ్డులో కాన్పు ఎట్లా? తల్లి లేని పిల్ల, నీ దగ్గరుంటేనే మేలు. మేస్త్రీ నన్ను వదల్లేదు. రాయదుర్గంలో దిగి మనూరి బస్సు పట్టుకుంటాది."

సిద్దమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది. "ఆ బస్సు యాడుండాదిరా? ఉగాది దాటినాంక నిలిపేసినారు కదా!"

"నాకెవరు చెప్పినారమ్మా?" అన్నాడు మారుతి. "ఆమె ఫోను కూడా కలవడం లేదు."

ఎర్రదిన్నె కర్ణాటక పొలిమేరను ఆనుకొని, గుమ్మఘట్ట అవతల ఉన్న చిన్న ఊరు. మేఘాలు పడమటి కొండల మీదే కురిసి, ఈ మెట్టకు ఒట్టి గాలిగా వస్తాయి. గరుసు నేలలో వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే వేళకు ఏటా వాన మొహం చాటేస్తోంది. బోర్లు ఎండాయి. సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఆ వేసవిలో డిపో నుంచి మనుషులు వచ్చి చూస్తే బస్సెక్కింది ఇద్దరు ముసలివాళ్లే. నష్టం వస్తోందని బస్సు తీసేశారు. కాగితం మీద అది న్యాయంగానే కనబడింది.

ఇక ఆటోవాళ్లు తారురోడ్డు దాకానే వస్తారు. అక్కడి నుంచి ఊరికి నడకే. సిద్దమ్మ నీళ్ల సీసా చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో బయలుదేరింది. దారికి రెండువైపులా వాడిపోయిన చేలే. కనుచూపు మేరలో మనిషి లేడు. 'దారిలో ఏమన్నా అయితే కేక వేసినా వినేదెవరు?' అన్న ఆలోచన ఆమెను తరిమింది.

సగం దారిలో, కానుగచెట్టు మొదట్లో సరళ కూలబడి ఉంది. చీర తడిసిపోయింది. పెదాలు ఎండి మాట పెగలడం లేదు.

"అత్తా... నొప్పులు పట్టుకున్నాయి."

సిద్దమ్మ ఆమె తలను ఒడిలో పెట్టుకుని అంబులెన్సుకు ఫోను చేసింది. దగ్గర్లోని బండి వేరే కేసుకు పోయిందనీ, గంట పడుతుందనీ చెప్పారు. ఆ గంట గడిచేదాకా కోడలు నిలుస్తుందా?

అంతలో పక్క ఊరి నుంచి జీన్సు కుట్టే ఆడవాళ్లతో రాయదుర్గం పోయే టెంపో దుమ్ము లేపుకుంటూ వచ్చింది. డ్రైవరు ఓబుళేసు బ్రేకు వేశాడు గానీ, వెనక్కి చూస్తూ నసిగాడు.

"ఆలస్యమైతే మీకందరికీ సగం కూలి కోస్తారు. ఏమంటారక్కా?"

"కోసుకోనీలేప్పా! ముందు ఆ పిల్లను ఎక్కించు," అంటూ జ్యోతిలక్ష్మి అనే ఆమె కిందికి దూకింది. తక్కినవాళ్లు సీట్లు ఖాళీ చేసి, తమ కొంగులు పరిచి సరళను పడుకోబెట్టారు.

ఆసుపత్రిలో కాన్పుగది తలుపు మూసుకుంది. చాలాసేపటికి లోపల అలికిడి పెరిగింది గానీ బిడ్డ ఏడుపు వినబడలేదు. సిద్దమ్మ జ్యోతిలక్ష్మి చేతిని గట్టిగా పట్టుకుంది. చివరకు సన్నగా, పిల్లికూనలాంటి ఏడుపు ఒకటి వినిపించింది.

"ఆడపిల్ల. ఉమ్మనీరు మింగింది," అంది డాక్టరమ్మ చెమట తుడుచుకుంటూ. "ఇంకాస్త ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు."

నెల తర్వాత ఊళ్లో గ్రామసభ జరిగింది. బస్సు సంగతి ఎత్తితే, వచ్చిన అధికారి మెత్తగానే చెప్పాడు: "జనం లేనిదే బస్సు ఎలా నడుస్తుందమ్మా?"

సిద్దమ్మ మనవరాలిని ఎత్తుకుని లేచింది.

"జనం లేరని బస్సు తీసినారు సారూ. బస్సు లేదని ఇంకా నాలుగిండ్లోళ్లు పోయినారు. రేపు పిల్లోళ్లు లేరని బడి తీస్తారు. బడి లేదని మిగిలినోళ్లు పోతారు. మా వాళ్లు చచ్చిపోలేదు సారూ, కూలికి పోయినారు. వాన పడితే తిరిగొస్తారు. వచ్చేకి దారన్నా ఉండాల కదా?"

అధికారి తలవంచి, "పైకి రాస్తానమ్మా. మాట మాత్రం ఇవ్వలేను," అన్నాడు.

మరో నెల గడిచినా బస్సు రాలేదు. మారుతి వచ్చి భార్యాబిడ్డలను బెంగుళూరు తీసుకుపోయాడు. సిద్దమ్మ అడ్డు చెప్పలేదు. పిల్లకు జ్వరమొస్తే మళ్లీ ఏ టెంపో కోసం ఎదురుచూడాలి? బిడ్డ పుట్టుకతో ఒక మనిషి పెరగాల్సిన ఎర్రదిన్నె, అలా ఇంకా చిన్నదైపోయింది.

కరువు నేలలో మనుషులెందరు మిగిలారని లెక్కపెడితే చాలదు. వాళ్లెందుకు వెళ్లిపోతున్నారో అడగని, ఉన్నవాళ్లు నిలబడే ఆసరా ఇవ్వని పాలన ఆ ఊళ్లను తన చేతులతోనే ఖాళీ చేస్తుంది.