పైకి లెక్కపెట్టే మనిషి

మీ పరీక్ష ఫలితాన్ని నిలిపివేశాం అని మెయిల్ వచ్చింది. అప్పుడు నేను కాలేజీ లైబ్రరీలో పాత పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. ఒకసారి చదివి, నమ్మలేక మళ్లీ చదివి, జిగురు గిన్నెను బల్ల మీద ఠప్పుమని పెట్టాను. కోపమొస్తే చేతిలో ఏది ఉంటే అది గట్టిగా పెట్టడం నా అలవాటు. మా ఇంట్లో సొట్ట లేని మూత ఒక్కటి లేదు.

కారణాలు కూడా రాశారు మహానుభావులు. గంటన్నర ఆన్‌లైన్ పరీక్షలో నా పెదవులు నలభై సార్లు కదిలినట్టు కెమెరాలో పడిందట. కళ్లు అరవై సార్లు ఒడిలోకి చూశాయట. గదిలో మాటలు వినిపించాయట. అంటే ఎవరో పక్కన కూర్చుని జవాబులు చెప్పి ఉండాలి, లేదా ఒడిలో చీటీ పెట్టుకుని ఉండాలి. శుక్రవారం పదకొండు గంటలకు వీడియోలో హాజరై సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పుకోలేకపోతే కోర్సు పోయినట్టే.

నా పేరు మంగాదేవి. నలభై రెండేళ్లు. ఏలూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పదేళ్లుగా అటెండర్‌ని. మాది కొల్లేట్లో లంక ఊరు, రోజూ బస్సులో వచ్చి వెళతాను. కంప్యూటర్ ల్యాబ్ తలుపు తీసేది నేను, వేసేది నేను, కీబోర్డుల దుమ్ము తుడిచేది నేను. అవి ఏం చేస్తాయో మాత్రం నాకు తెలియదు. మొన్న మార్చిలో ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ అయింది. ప్రిన్సిపాల్ గీతాంజలి గారు నన్ను పిలిచి, "మీరు ఇంటర్ పాసయ్యారు కదండీ. ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు ఒకటి పాసై సర్టిఫికెట్ తీసుకురండి. జూన్ ఆఖరు దాకా ఈ పోస్టు ఎవరికీ ఇవ్వను" అన్నారు. ఇంకా పన్నెండు రోజుల్లో జూన్ అయిపోతుంది.

కోర్సు పన్నెండు వారాలు. మా అమ్మాయి హర్షిణి లాప్‌టాప్ ఇచ్చింది, ఇచ్చి నవ్వింది. "అమ్మా, దాని మీద కోపమొచ్చి మూత ఠప్పుమని వెయ్యకు, తెర పగిలిపోద్ది" అంది. మొదటి రెండు వారాలూ బాగానే నడిచాయి. మూడో వారం నాకూ కంప్యూటర్‌కీ పడలేదు. అది సున్నా నుంచి లెక్కపెడుతుంది. పది పేర్లున్న పట్టీలో మొదటి పేరు సున్నా అట, పదో పేరు తొమ్మిది అట. ఏ ప్రోగ్రామ్ రాసినా ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో వచ్చేది. శనివారాలు ఫోన్‌లో సందేహాలు తీర్చే జ్యోత్స్న మేడం తెలుగులోనే ఓపిగ్గా చెప్పేవారు. విన్నంతసేపూ అర్థమయ్యేది, ఫోన్ పెట్టేయగానే ఎగిరిపోయేది.

"సున్నా నుంచి లెక్కపెట్టేవాడికి మన చెరువు గట్టు మీదైతే ఒక్క పూట కూడా పని ఉండదు నాన్నా" అన్నాను ఒక సాయంత్రం, విసుగొచ్చి.

మా నాన్న ముత్యాలరాజు ముప్పై ఏళ్లు చేప పిల్లలు లెక్కపెట్టిన మనిషి. పెంపకం చెరువులకు పిల్లల్ని అమ్మేటప్పుడు ఒక గిన్నెలో ఎన్ని పడతాయో ముందు ఒక్కసారి విడివిడిగా లెక్కిస్తారు. ఆ తర్వాత గిన్నెలే లెక్క. నాన్న కుడి చేత్తో ముంచి పోసేవాడు. ఎడమ చెయ్యి తొడ పక్కన వేలాడుతూ ఉండేది, బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటే జరుగుతూ పోయేది. నోరు మాత్రం గట్టు అవతలికి వినపడేలా లెక్క చెప్పేది. మొదటి గిన్నెకు ఒకటి అనడు, లాభం అంటాడు. తర్వాత రెండు, మూడు. మా వైపు వడ్లు కొలిచినా అంతే.

నాన్న అన్నాడు. "మనం మాత్రం ఒకటి అంటామేంటమ్మా? లాభం అంటాం. అన్నంత మాత్రాన గిన్నె లేకుండా పోద్దా? దాని లాభం పేరు సున్నా అనుకో."

అంతే. ఆ మాటతో ముడి విడిపోయింది. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు తిరుగుతుందో చూడాలంటే బొటనవేలు కణుపుల మీద జరుపుతూ, లాభం దగ్గర మొదలుపెట్టి, పైకి చెప్పుకుంటూ పోయేదాన్ని. పరీక్షలో కాగితం వాడకూడదన్నారు. వాడలేదు. గది తలుపేసుకుని, చెయ్యి ఒడిలో పెట్టుకుని, నాకు తెలిసిన పద్ధతిలో లెక్కపెట్టాను. దానికి దొంగ అన్నారు.

మెయిల్ వచ్చిన రోజు ఇంటికి వెళ్లేసరికి నా ఒళ్లు నా స్వాధీనంలో లేదు. నాన్న గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏమైందమ్మా అని అడిగాడు పాపం. "ఏమవుద్ది, నీ లెక్కే నా కొంప ముంచింది" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

నాన్నకు భోజనం అయ్యాక నాలుగు మాత్రలు. రోజూ పళ్లెంలో వేసుకుని లాభం, రెండు, మూడు, నాలుగు అని పైకి చెప్పి మింగుతాడు. ఇరుగుపొరుగుకి కూడా తెలుసు ఆ పాట. ఆ పూట నోరు విప్పలేదు. మాత్రలను వేలితో ఒక్కొక్కటే జరిపి, చూసుకుని, నీళ్లు తాగి వెళ్లి పడుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. క్షమించు అనడం మా ఇంట్లో అలవాటు లేదు, ఎలా అనాలో తెలియక చేపల పులుసు వండాను.

శుక్రవారం సెలవు పెట్టాను. పదకొండింటికి తెర మీద ఇద్దరు కనిపించారు. ఒకరు జ్యోత్స్న మేడం. రెండో ఆయన పరీక్షల ఇన్‌ఛార్జి కృపానందం గారు, తెల్ల గడ్డం, మెత్తని గొంతు. నా పరీక్ష రికార్డింగు వేసి చూపించారు. తల వంచుకుని గొణుక్కుంటున్న నన్ను నేను చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, నాకే అనుమానం వచ్చింది.

"గదిలో ఎవరున్నారమ్మా?" అని అడిగారాయన.

"ఎవరూ లేరండి."

"మరి ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మాట్లాడట్లేదండి. లెక్కపెడుతున్నానండి."

"మనసులో లెక్కపెట్టుకోవచ్చు కదమ్మా. ఇంతమంది రాశారు, ఇంకెవరూ ఇలా చెయ్యలేదు."

ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది నాకు. బల్ల మీద నీళ్ల గ్లాసు ఉంది. దాన్ని ఎత్తాను కూడా. హర్షిణి లాప్‌టాప్ గుర్తొచ్చి నెమ్మదిగా దించాను.

"మనసులో లెక్కపెడితే మా చెరువుల దగ్గర ఒప్పుకోరండి" అన్నాను. "చేప పిల్లల్ని కొనేవాళ్లు ఎదురుగా నిలబడి ఉంటారు. పైకి చెప్పాలి, వాళ్లు వినాలి. నోరు మూసుకుని లెక్కపెట్టినవాణ్ణి దొంగ అంటారండి మా దగ్గర. మీ దగ్గర పైకి చెప్పినందుకు దొంగ అన్నారు. నేను ఎటు చావాలండి?"

చివరి మాట ఎక్కువైంది. జ్యోత్స్న మేడం మైకు ఆన్ చేసి, "సర్, ఒక ప్రోగ్రామ్ ఇచ్చి చూద్దామండీ" అన్నారు.

తెర మీద నాలుగు లైన్లు వచ్చాయి. సున్నా దగ్గర మొదలై, మూడేసి కలుపుకుంటూ, ఇరవై కంటే తక్కువ ఉన్నంతవరకు అంకె చూపించాలి. ఎన్నిసార్లు చూపిస్తుంది, ఆఖరి అంకె ఎంత?

"చెయ్యి కెమెరాకు కనపడేలా పైకి పెట్టండమ్మా" అన్నారు కృపానందం గారు.

పెట్టాను. బొటనవేలు రెండో కణుపు దగ్గరే ఆగిపోయింది. చిన్నప్పుడు నాన్నను చూసి నేర్చుకున్నప్పటి నుంచీ ఆ చెయ్యి కిందికి ఉంటే తప్ప లెక్కపెట్టలేదు. ఉద్యోగం, సర్టిఫికెట్, ప్రిన్సిపాల్ గారి మాట, అన్నీ ఆ కణుపు దగ్గర ఇరుక్కున్నాయి.

"చెయ్యి కిందికి దించుకోవచ్చాండి? కావాలంటే కెమెరానే కిందికి వంచుతానండి."

"ఆయ్, వంచండి" అన్నారాయన. అచ్చంగా మా వైపు మనిషే.

తెరను ముందుకు వంచాను. నా ముఖం పోయి, ఒడి, అందులో ఎడమ చెయ్యి మాత్రమే వాళ్లకు కనిపిస్తున్నాయి. ఊపిరి తీసుకుని మొదలుపెట్టాను.

"లాభానికి సున్నా. రెండుకి మూడు. మూడుకి ఆరు. నాలుక్కి తొమ్మిది. ఐదుకి పన్నెండు. ఆరుకి పదిహేను. ఏడుకి పద్దెనిమిది. తర్వాత ఇరవై ఒకటండి, అది ఇరవై దాటేసింది, ఆగిపోద్ది. ఏడుసార్లండి. ఆఖరిది పద్దెనిమిదండి."

"తక్కువ అని ఉన్నచోట, తక్కువ లేదా సమానం అని మారిస్తే?" అని అడిగారు కృపానందం గారు.

మళ్లీ కణుపుల మీద వెళ్లొచ్చాను. "ఏమీ మారదండి. ఇది ఇరవై మీద అసలు కాలే పెట్టదు కదండీ."

తెర పైకెత్తి చూస్తే జ్యోత్స్న మేడం నవ్వుతున్నారు. కృపానందం గారు గడ్డం నిమురుకుంటున్నారు. "ఈ వారం చాలా రికార్డింగులు చూశానమ్మా. అందరూ నోరు మూసుకునే ఉన్నారు" అన్నారు. తర్వాత, "తప్పు మా వైపు జరిగింది. సాయంత్రానికి ఫలితం పెట్టిస్తాను. ఈసారి పరీక్షకు ముందే ఒక మాట చెప్పండి, రాసి ఉంచుతాం" అన్నారు.

అమ్మయ్య అనుకున్నాను. ఎంత గట్టిగా అనుకున్నానో, వీడియో ఆగిపోయాక పది నిమిషాలు ఆ కుర్చీలోనే ఉండిపోయాను. ఏడుపు కూడా వచ్చింది. మంచి ఏడుపే.

తలుపు తీస్తే నాన్న గడప మీద ఉన్నాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడని హర్షిణి చెప్పింది. ఏమైందని ఆయన అడగలేదు. నేనూ అప్పుడే చెప్పలేదు. తెర మీద కనపడేదాకా నాకు నమ్మకం లేదు.

ఎనిమిదింటికి, అన్నాలు తింటుండగా ఫోన్ మోగింది. ఎంగిలి చేత్తోనే తీశాను. మనసులో చదువుకుంటున్నాను. నాన్న ముద్ద ఆపి నా పెదవులకేసి చూస్తున్నాడు.

"పైకి చదువమ్మా" అన్నాడు.

"మంగాదేవి. ప్రోగ్రామింగ్ పరిచయం. వందకు డెబ్బై ఆరు. పాస్" అని వీధిలోకి వినపడేలా చదివాను. "నీ లెక్కతోనే నాన్నా."

నాన్న అన్నం తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని, మాత్రలు పళ్లెంలో వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"లాభం" అన్నాడు.