దుప్పి పడుకున్న చోటు

దుప్పి కాళ్ళు ఇంకా గడ్డకట్టే ఉన్నాయి. రేసి వాటిని వంటింటి తొట్టిలో గోరువెచ్చటి నీళ్ళలో పడేసి, పక్కనే పాప పాలసీసా కడుగుతోంది.

"పిల్ల నోట్లో పెట్టే సీసా, చచ్చిన దుప్పి కాలు, రెంటికీ ఒకటే తొట్టా?" అంది అత్తగారు అఫ్రా, బంగాళాదుంపల తొక్కు తీస్తూ. "నేనూ వేటగాడి ఇంటికే కోడలుగా వచ్చాను. ఇంత అప్రాచ్యం ఎరగను."

రేసి సీసాని ఇటు జరిపింది. ఆ కాళ్ళు కరిగించి పెట్టమన్నది ఆవిడ కొడుకేనని అనలేదు. అంటే, "వాడికేం తెలుసు, మగాడు" అంటుంది. ఈ ఇంట్లో మాటలన్నీ అరిగిపోయిన మెట్లలాంటివి. కళ్ళు మూసుకుని ఎక్కొచ్చు, దిగొచ్చు.

కాళ్ళు మెత్తబడ్డాక వాటి గిట్టల్ని రెండు పాత బూట్ల అడుగున బిగించాలి. ఆ బూట్లు తొడుక్కుని, పాపని గుండెకి కట్టుకుని, అడవిలో ఒకచోట బయల్దేరి వంకరటింకరగా నడవాలి. మధ్యమధ్య ఓ చుక్క దుప్పి రక్తం చిలకరించాలి. ఒక రాత్రి గడవనిచ్చి, మర్నాడు కుక్క బిర్కాని పొడవాటి తోలు పగ్గంతో ఆ జాడ మీద వదలాలి. తుపాకీ దెబ్బ తిని తప్పించుకున్న దుప్పిని వెతికి పట్టే కుక్కకి చదువు అలాగే వస్తుంది. బూట్లు తొడుక్కునేది రేసి. కుక్కకి వండేది, పంజాల్లో గుచ్చుకున్న ముళ్ళు తీసేది రేసి. పగ్గం పట్టుకునేది మాత్రం మొగుడు కోర్బినియన్. లోయలో ఎవరి గుండు గురి తప్పినా ఫోన్ అతనికే వస్తుంది. వాళ్ళ నాన్నకీ అలాగే వచ్చేదట.

కుక్క వెనక మనిషి నడవాలి గానీ మనిషి వెనక కుక్క నడవకూడదని కోర్బినియన్ బీరు బల్ల దగ్గర పదిమందికీ చెప్తాడు. పగ్గం చేతికొచ్చేసరికి మరిచిపోతాడు. దుప్పి ఎటు పోయుంటుందో ముందే తేల్చేసుకుంటాడు. బిర్కా మలుపు దగ్గర ఆగి, తల పక్కకి తిప్పి, ఇటు అని చెప్తుంది. అతను అటు లాగుతాడు. జాడ వేసిన రేసి వెనకాల నడుస్తూ అదంతా చూస్తూ ఉంటుంది. మొదట్లో ఒకసారి చెప్పింది. "చెప్పేస్తే ఇక పరీక్ష ఏముంది, నోరు మూసుకుని రా" అన్నాడు. న్యాయమే కదా అనుకుని నోరు మూసుకుంది.

ఈ ఆకురాలు కాలంలో ఇప్పటికే రెండు దుప్పులు దొరక్కుండా పోయాయి. మొన్న భోజనాల దగ్గర కోర్బినియన్ తేల్చేశాడు: "ముక్కు పాడైంది దీనికి. ఇంకొక్కసారి తప్పిందా, అమ్మేస్తాను. సరిహద్దు అవతల టిరోల్‌లో ఒకాయన అడుగుతున్నాడు. ముక్కు పోతేనేం, గర్భసంచి ఉందిగా, పిల్లల్ని పెట్టించుకుంటాడట." అఫ్రా నవ్వింది. ఆ మాటకి తనకి ఎక్కడో నొప్పి పుట్టాలని రేసికి తెలుసు. ఎంత వెతికినా దొరకలేదు. గిన్నెలో పులుసు చల్లారిందని మాత్రం గమనించింది.

పాప సెఫీ పుట్టినప్పట్నించీ ఇంతే. నిద్రపోతున్న పిల్ల ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది. ఒకసారి చూసి వెనక్కి తిరిగి మళ్ళీ చూస్తుంది. ఆ భయం ఒక్కటే బతికుంది లోపల, మిగతాదంతా మొద్దుబారిపోయింది. అడవి పనుల బడిలో చేరినప్పుడు ఇలా ఉండేది కాదు. చెట్టు బెరడు మీద చెయ్యి వేస్తే చాలు, ఒళ్ళంతా మేలుకునేది. కడుపులో సెఫీ పడింది, బడి సగంలో ఆగింది, పెళ్ళయింది. తుపాకీ పట్టనిచ్చే వేట పరీక్ష రాస్తానంటే, "పిల్ల కాస్త పెద్దదవనీ, చూద్దాంలే" అన్నారు అందరూ, ఎంతో ప్రేమగా.

పురుడు పోసుకుని వారం తిరక్కుండానే ఇంట్లో వేటవిందు వచ్చింది. ఏటా ఆ ఇంట్లోనే, తప్పదు. పచ్చి బాలింత పొయ్యి దగ్గర నిలబడి దుప్పిమాంసం పులుసు కలిపింది, రొట్టె ఉండలు చుట్టింది. అవతల గదిలో కోర్బినియన్ కుర్ర వేటగాళ్ళకి పాఠం చెప్తున్నాడు. "గాయపడ్డదాన్ని వెంటనే తరమకూడదు. వదిలేస్తే ఆ దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది. తరిమితే ఆ గాయంతోనే లేచి కొండ దాటిపోతుంది, ఇక జన్మలో దొరకదు. పడుకోనివ్వాలి దాన్ని. రేసీ, ఇంకాస్త పులుసు తీసుకురా." తీసుకెళ్ళింది. వడ్డిస్తుంటే కాలి వెంట వెచ్చగా ఏదో జారింది. ఒక్క చుక్క బల్ల మీద పడకుండా అందరికీ వడ్డించింది.

తొట్టిలో దుప్పి కాళ్ళు ఇంకా కరగకముందే ఫోన్ మోగింది. రంపపు మిల్లు హియర్ల్. నిన్న పొద్దువాలుతుండగా ఆడ దుప్పిని కొట్టాడట, తగిలినట్టు లేదట. తగిలినా తగలకపోయినా కుక్కతో చూపించాలన్నది అక్కడి కట్టడి. కోర్బినియన్ తుపాకీ, పగ్గం తీసుకుని జీపు దగ్గరికెళ్ళి పిలిచాడు, "రేసీ, రా." పనికోసం కాదు. రేసి ఎక్కితేగానీ బిర్కా జీపెక్కదు. "కుక్కని పాడు చేసిపెట్టావు" అని అందుకు రోజూ దెప్పుతాడు.

"పాలు పిండి పెట్టాను అత్తయ్యా. ఏడిస్తే ఎడమ భుజం మీద వేసుకోండి."

"నలుగుర్ని పెంచాను, భుజాలు నాకు నేర్పకు."

హియర్ల్ అడవి అంచున చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. "ఒక్క చుక్క రక్తం లేదయ్యా. పైకి దూకుతూ పోయింది, నా కళ్ళతో చూశాను."

బిర్కా వాసన చూస్తూ ఒకచోట ఆగిపోయింది. రేసి వంగింది. నాలుగు బూడిదరంగు వెంట్రుకలు, పక్కన గడ్డిపరక మీద పచ్చగా ఏదో మరక. "కోర్బీ, ఇది పొట్టలోంచి వచ్చిన పసరు. దెబ్బ తగిలింది" అంది మెల్లిగా.

"ఆకు పసరమ్మా అది" అన్నాడు హియర్ల్. "పొద్దున్నే పాలకూర తరిగి వచ్చావా ఏంటి?" కోర్బినియన్ నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, ముక్కుతో నవ్వాడంతే. రేసి ఆ నవ్వుకి తలుపు తీసి, లోపలికి పోనిచ్చి, మళ్ళీ తలుపేసింది.

బిర్కా పైకి సాగింది. ఒక నాచు పట్టిన బండ దాకా ఎక్కి, చటుక్కున కిందికి, వాగువైపు తిరిగింది. పొట్టలో దెబ్బ తిన్న దుప్పికి దాహం. పైకి పరుగెత్తినా వెనక్కి తిరిగి నీళ్ళకే దిగుతుంది. కోర్బినియన్ పగ్గం బిగించి పైకి లాగాడు. బిర్కా నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టింది. మళ్ళీ లాగాడు. మెడ పట్టీ గొంతుకి పట్టి దగ్గింది. ఆ తర్వాత అతను చెప్పినట్టే కొండమీదంతా తిరిగింది, తోక దించుకుని.

"తగల్లేదు హియర్ల్, నిశ్చింతగా ఉండు" అన్నాడు కోర్బినియన్ కిందికి దిగాక. హియర్ల్ మొహం విచ్చుకుంది. గురి తప్పడం నవ్వులాట. గాయపరిచి వదిలేయడం సిగ్గుచేటు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

"కుక్క కిందికి లాగింది" అంది రేసి.

"కుక్కకి దాహమేసింది. నీకూ పిల్లకి పాలిచ్చే వేళయింది" అన్నాడు కోర్బినియన్. "దీన్ని తీసుకెళ్ళి కడిగి పెట్టు. సాయంత్రం టిరోల్ ఆయనకి ఫోన్ చేస్తాను." తుపాకీ భుజాన వేసుకుని, హియర్ల్ కారెక్కి బీరు తాగడానికి పోయాడు.

రేసి జీపెక్కి కూర్చుంది. రొమ్ములు సలుపుతున్నాయి, చొక్కా ముందంతా తడిసింది. తాళం తిప్పబోయి పక్కకి చూసింది. బిర్కా ఎక్కలేదు. పగ్గం నేలమీద ఈడ్చుకుంటూ, కొండవైపు మొహం పెట్టి నిలబడింది. పిలిచింది. కదల్లేదు.

ఎంతసేపు అలా చూస్తూ కూర్చుందో తెలీదు. తెగించానని గానీ, కుక్కని కాపాడుకోవాలని గానీ ఆమెకేమీ అనిపించలేదు. సీసా ఇటు జరిపినంత మామూలుగా దిగి, పగ్గం కొస చేతికి తీసుకుంది. తుడిచి నూనె రాసేటప్పుడు ఎన్నోసార్లు పట్టుకుంది దాన్ని. జాడ మీద ఇదే మొదటిసారి. "పద" అని వదులుగా పట్టుకుంది.

బిర్కా నేరుగా నాచుబండ దగ్గరికే వెళ్ళింది. అక్కణ్ణించి కిందికి. రేసి దేనికీ లాగలేదు, ఎటుపోతే అటు పోయింది. కొమ్మలు మొహానికి కొట్టుకున్నాయి. ఒకచోట ఫెర్న్ మొక్కలు మంచమంత మేర అణిగిపోయి ఉన్నాయి. దుప్పి పడుకుని లేచిన చోటు. చెయ్యి పెట్టి చూస్తే నేల తడిగా ఉంది. ఇంకాస్త కిందికి, వాగు చప్పుడు వినబడే చోట, బిర్కా నిలబడిపోయింది.

దుప్పి తల ఎత్తి చూసింది. లేవలేదు. తరిమేవాళ్ళు లేరు గనక లేవలేదు. రేసి కుక్కని దగ్గరికి తీసుకుని, దూరంగా ఓ మొద్దు మీద కూర్చుని ఫోన్ చేసింది.

"ఏంటే, పాప ఏడుస్తోందా?" వెనకాల గ్లాసుల చప్పుడు.

"దుప్పి దొరికింది. నాచుబండ కింద, వాగు పక్కన. బతికే ఉంది. తుపాకీ తీసుకుని ఇద్దరూ రండి. అరవకండి, లేస్తుంది."

"నిన్నెవరు వెళ్ళమన్నారు?"

ఫోన్ పెట్టేసింది. వాళ్ళొచ్చేదాకా ముగ్గురు ఆడవాళ్ళూ కదలకుండా ఉన్నారు. ఆ ఎదురుచూపులో లోపలెక్కడో మంచు కరిగిందంటే అబద్ధం. రేసి ఒకటే అనుకుంది: దీన్నయినా కాసేపు పడుకోనిచ్చారు.

ఒకే గుండుతో కోర్బినియన్ దాని బాధ తీర్చాడు. హియర్ల్ దేవదారు రెమ్మ తుంచి, గాయంలో ముంచి, తన టోపీ తీసి దాని మీద పెట్టి చాచాడు. వెతికి పెట్టిన మనిషికి వేటగాడు ఇచ్చే మర్యాద అది. అందులో సగం విరిచి కుక్క మెడపట్టీలో గుచ్చాలి. ఆ టోపీ ఒక్క క్షణం మొగుడూ పెళ్ళాలిద్దరి మధ్యా గాల్లో ఆగింది. తర్వాత కోర్బినియన్ వైపు జరిగింది. "నీ కుక్క పేరు నిలబెట్టుకుంది" అన్నాడు హియర్ల్.

"చెప్పలేదూ?" అన్నాడు కోర్బినియన్ రెమ్మ తీసుకుంటూ. "టిరోల్ వాడు ఊరు రాసిచ్చినా ఇవ్వను దీన్ని." సగం తన టోపీలో పెట్టుకుని, సగం పట్టుకుని దగ్గరికొచ్చాడు. "పగ్గం ఇలా ఇవ్వు."

రేసి పగ్గాన్ని మడతలు మడతలుగా చుట్టి భుజాన వేసుకుంది.

"రెమ్మ బిర్కాది, పెట్టు. పగ్గం మాత్రం ఇవ్వను." ఉప్పందుకో అన్నంత మామూలుగా ఉంది గొంతు. "ఇకనించి జాడ మీద నేను నడుస్తాను. తుపాకీ మోసుకుంటూ నువ్వు వెనకాల రా. వేట పరీక్ష అయ్యాక అదీ అక్కర్లేదు."

హియర్ల్ టోపీ సర్దుకుంటూ చెట్లకేసి చూశాడు. కోర్బినియన్ చెవులు ఎర్రబడ్డాయి. "పరువు తియ్యకు. ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

"ఇంటికెళ్ళాక నేను పడుకుంటాను."

ఇంటికొచ్చి పాపకి పాలిచ్చింది. మూతి తుడిచి, తేన్చాక, తెచ్చి కోర్బినియన్ ఒళ్ళో పెట్టింది. అఫ్రా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. రేసి పట్టపగలు మేడమీదికెళ్ళి, బట్టలైనా మార్చుకోకుండా పక్కమీద వాలింది. పగ్గం మంచం కోడుకి తగిలించింది. గుమ్మం అవతల బిర్కా పడుకున్న చప్పుడైంది.

కింద గొంతులు. "రేసీ, పాప గుడ్డలెక్కడ?" కాసేపాగి, "రేసీ, బల్లమీద ఇంకా ఏమీ పెట్టలేదు." ఇంకాసేపాగి, "ఏమైందిరా దానికి, బానే ఉందిగా, ఒక్క దెబ్బైనా కనబడదే" అని అఫ్రా. రేసికి అన్నీ వినబడుతున్నాయి. పాప గుడ్డలెక్కడున్నాయో తెలుసు. పాప ఏడుపు విని చెయ్యి దానంతటదే దుప్పటి తొలగించబోయింది. ఊపిరి ఆడకపోతే ఎలా ఏడుస్తుంది అనుకుని, ఆ చేతిని మరో చేత్తో పట్టుకుని ఆపింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు సగం దాకా వచ్చింది.

రేసి కళ్ళు తెరవలేదు. గొంతు పెంచలేదు.

"తరమకు, కోర్బీ" అంది. "తరిమితే కొండ దాటిపోతాను."