అరువిచ్చిన చేతులు

నా చేతుల గురించి నేను గొప్పలు చెప్పుకుంటానని మా అక్క ఎప్పుడూ దెప్పుతుంది. చెప్పుకుంటాను మరి. గడియారాలు బాగుచేసేవాణ్ని. కంటికి ఆనని స్క్రూలను పట్టుకుని పొద్దస్తమానం కూర్చునే చేతులివి. మా క్రికెట్ జట్టులోనూ అంతే. బంతి గాల్లోకి లేచి నా వైపు వస్తోందంటే, కొట్టినవాడు ఇంక ఆశ వదులుకుని నడిచిపోతాడు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు జరిగింది చేతుల తప్పు కాదు.

మా జట్టంటే మా వీధి షాపులవాళ్ళం. ఏటా వేసవిలో నాలుగు రోజులు షాపులకు తాళాలేసి, వ్యాన్ మాట్లాడుకుని, ఊరికొక మ్యాచ్ చొప్పున ఆడుకుంటూ తిరుగుతాం. కప్పులు, కానుకలు ఏమీ ఉండవు. ఆడతాం, ఒళ్ళు నొప్పులు తెచ్చుకుంటాం, అవతలివాళ్ళు ఇచ్చిన టీ తాగి వచ్చేస్తాం. కెప్టెన్ మా బావ, అంటే మా అక్క మొగుడు. నేను పనిచేసే గడియారాల షాపు ఆయనదే. ఈ పని నాకు నేర్పింది కూడా ఆయనే.

బావకు మా వీధిలో ఇంకో పేరుంది. నలభైమూడు. ఇరవై రెండేళ్ళుగా ఆడుతున్నా ఆయన అత్యధిక స్కోరు అదే. యాభై ఒక్కసారీ దాటలేదు. "నలభైమూడు ఉన్నారా?" అని అడుగుతూ షాపుకి వచ్చేవాళ్ళున్నారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు వెనక ఏముందో పక్క బల్ల మీద కూర్చునే నాకు తెలుసు. ఆ వేసవికి ముందు చలికాలంలో ఆయన కుడి మోకాలు వాచింది. ఈ వేసవి తర్వాత మైదానంలో పరిగెత్తితే కర్ర పట్టుకోవాల్సి వస్తుందని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అందుకని ఈ ప్రయాణంలో చివరి మ్యాచే బావకు ఆఖరిది. అందరం పైకి జోకులు వేసుకుంటున్నాం గానీ, అందరి మనసులోనూ ఆ యాభయ్యే ఉంది.

ఆ చివరి మ్యాచ్‌లో అవతలి జట్టుకు ఒక మనిషి తక్కువయ్యాడు. వాళ్ళ కెప్టెన్‌కు బేకరీ ఉంది. ముంజేతుల నిండా కాలిన మచ్చలు. తెల్లవారక ముందే బ్రెడ్డు కాల్చి, స్నానం చేసి ఆటకు వచ్చానని చెప్పాడు. పది మందితోనే వాళ్ళు మొదట ఆడి నూట నలభై కొట్టారు. తర్వాత మేం బ్యాటింగ్‌కు దిగాం. నేను మొదటి ఓవర్లోనే సున్నాకు ఔటై, బ్యాటు చంకలో పెట్టుకుని తిరిగి వచ్చాను.

ఇలాంటి ఆటల్లో ఒక మర్యాద ఉంది. అవతలివాళ్ళకు మనిషి తక్కువైతే, మనలో ఔటైనవాణ్ని ఫీల్డింగ్‌కు అరువిస్తాం. బావ నన్నే పంపాడు.

"వెళ్ళరా. ఇక్కడ కూర్చుని మొహం వేలాడేసుకునే బదులు అక్కడైనా పనికొస్తావు" అన్నాడు.

బేకరీ ఆయన నా భుజం మీద చెయ్యేసి తనవాళ్ళకు చూపించాడు. "మనవాడు వచ్చాడు. ఇక మనం పదకొండు మందిమి" అన్నాడు. రెండు ఓవర్లు కాకుండానే మా జట్టు ప్లంబరు ఒక బంతిని నా వైపు లేపాడు. ఒంటి చేత్తో పట్టేశాను. వాళ్ళంతా పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తినంత పనిచేశారు. బేకరీ ఆయన తన తలమీది టోపీ తీసి నాకు పెట్టాడు. "చూశారా మనవాడి చెయ్యి" అని మైదానమంతా వినబడేలా అన్నాడు. అప్పటినుంచి నన్ను తమ్ముడూ అనే పిలిచాడు. నిజం చెప్పాలంటే నాకు చాలా సంతోషమేసింది. సొంత జట్టులో సున్నాకు ఔటైనవాణ్ని పరాయివాళ్ళు నెత్తిన పెట్టుకుంటే ఎవరికి చేదు?

మధ్యలో బావ బ్యాటింగ్‌కు వచ్చాడు. మోకాలికి పట్టీ కట్టుకుని, నిదానంగా, ఒక్కో పరుగు కూడబెట్టుకుంటూ ఆడాడు. ముప్పై దాటాడు. నలభై దాటాడు. నలభైనాలుగో పరుగుకు మావాళ్ళు బెంచీల మీద నిలబడి చప్పట్లు కొట్టారు. నలభై ఏడు దగ్గర, బేకరీ ఆయన ఓవర్లో చివరి బంతిని బావ గట్టిగా ఊపాడు. బంతి చాలా ఎత్తుకు లేచింది. నేరుగా నా మీదికే వచ్చింది.

ఒక్క అడుగు కూడా కదలాల్సిన పని లేదు. అంత సులువైన క్యాచ్ మా అక్కయినా పట్టేస్తుంది. బంతి దిగుతుంటే కుట్లు కూడా కనబడుతున్నాయి. మూడే పరుగులు, ఇంక ఈయన జన్మలో బ్యాటు పట్టడు అనుకున్నాను. బంతి అరచేతుల్లో పడింది. పడ్డ తర్వాత నేను వేళ్ళు తెరిచాను.

బంతి నేలమీద దొర్లుతుంటే బావ ఒక పరుగు తీశాడు.

బేకరీ ఆయన అంత దూరం నుంచి నా దగ్గరికి నడిచి వచ్చాడు. తిట్టడానికని అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"దెబ్బేం తగల్లేదు కదా తమ్ముడూ? ఎండ కళ్ళల్లో పడిందా?" అని అడిగాడు. అడుగుతూ తన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అవునన్నా. ఎండే" అన్నాను.

అన్నాక గానీ నాకు వెలగలేదు. సూర్యుడు నా వీపు వెనక ఉన్నాడు. ఎండ పడుతున్నది ఆయన కళ్ళల్లో. ఆయన చెయ్యి దించాడు. నా ముందు పొడుగ్గా పడి ఉన్న నా నీడను చూశాడు. తర్వాత దూరాన బ్యాటు మీద ఆనుకుని నిలబడ్డ బావ వైపు చూశాడు.

"సరేనండి. మావాణ్ని ఒకణ్ని ఇక్కడికి పంపిస్తాను. మీరు అటు చివర నిలబడండి" అన్నాడు.

గొంతు పెంచలేదు. మొహం కూడా మామూలుగానే ఉంది. కాకపోతే గంటసేపు మనవాణ్నైన నేను ఆ ఒక్క మాటతో పరాయివాణ్నైపోయాను. తమ్ముణ్ని కాస్తా మీరు అయ్యాను. మన, మా అన్న రెండు చిన్న మాటల మధ్య ఇంత దూరం ఉంటుందని పుట్టి బుద్ధెరిగాక అప్పుడే తెలిసింది. తలమీది టోపీ తీసి ఇచ్చేద్దామనుకున్నాను. ఇస్తే ఒప్పుకున్నట్టవుతుందని పెట్టుకునే వెళ్ళాను. అంత సిగ్గుమాలిన నడక నేనెన్నడూ నడవలేదు.

తర్వాతి ఓవర్లో బావ నాలుగు కొట్టి యాభై రెండుకు చేరాడు. మావాళ్ళు ఈలలేశారు. మైదానం చివర బంతి రాని చోట నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను. బావ బ్యాటు పైకెత్తాడు గానీ మా బెంచీల వైపు చూడలేదు. మిగిలిన పరుగులు అవతలి కొసన ఉన్న మా బ్యాట్స్‌మన్ కొట్టేశాడు. గెలిచాం.

టీ దగ్గర బేకరీ ఆయన తన చేత్తో కాల్చిన బన్నులు పంచాడు. నా పళ్ళెంలోనూ అందరికీ వేసినట్టే రెండు వేశాడు. ఆట ఆడిన బంతిని తుడిచి బావ చేతిలో పెట్టాడు. "మొదటి యాభై అంట కదండీ. దాచుకోండి" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చున్నాను. టోపీ తిరిగిస్తే "ఉంచుకోండి" అన్నాడు. దాన్ని ఆయన బల్లమీదే వదిలేసి వచ్చాను.

వ్యాన్‌లో బావ పక్కనే నా సీటు. మిగతావాళ్ళు వెనక పాటలు అందుకున్నారు. ఊరు దాటేదాకా ఓర్చుకున్నాను.

"బావా, ఆ క్యాచ్..." అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"నీ చేతుల్లో పడగానే ఔటనుకుని గ్లవ్స్ విప్పబోయాను. నీ వేళ్ళు విచ్చుకోవడం చూశాను. పదహారేళ్ళుగా చూస్తున్నాను కదరా వాటిని" అన్నాడు. మళ్ళీ తనే, "నేనైనా అప్పుడే ఆయనకి చెప్పి బయటికి నడవాల్సింది. తెలిసి తెలిసి బ్యాటెత్తాను. ఆ బంతి ఆయన తుడిచిస్తుంటే తల కొట్టేసినట్టయింది" అన్నాడు.

"నీ కోసమే చేశాను బావా."

"నాకోసమేలే. నన్నొక్క మాట అడిగావా?"

కోపంగా అనలేదు. అలా అడిగినందుకు నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే ఆయన ఫోను మోగింది. అక్క. ప్లంబరు అప్పటికే ఆమెకు ఫోను చేసి చెప్పేశాడట. పక్కనున్న నాకు ఆమె గొంతు స్పష్టంగా వినబడుతోంది.

"యాభై రెండంటగా. వీధిలో అందరికీ చెప్పేశాను. మీ పేరు ఇవాళ్టితో మారిపోయింది" అంటోంది. నవ్వుతోంది.

బావ కిటికీ వైపు తిరిగాడు.

"కాదు. నలభై ఏడే. వాళ్ళు లెక్క తప్పు చెప్పారు" అన్నాడు.



"పోనీలెండి. మూడేగా తక్కువ. దానికేం" అంది అక్క. "మోకాలెలా ఉంది?"

"బాగానే ఉంది" అన్నాడు బావ. ఫోను నా చేతికిచ్చి, "నీతో మాట్లాడుతుందట" అన్నాడు.

"ఒరేయ్, నువ్వు దగ్గరుండి చూశావుగా, నిజంగా నలభై ఏడేనా?" అని అడిగింది అక్క.

అవునన్నాను.