తమ్ముడి శవం ముందు ఏడవని అక్క

బీడీలు చేసే ఆడవాళ్ల కళ్లు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పొగాకు ఘాటుకు ఎర్రబడి, ఎప్పుడూ మండుతూ ఉంటాయి. కోనరావుపేట దగ్గర ఒక ఊరుంది. ఆ ఊరి పేరు నేను చెప్పను. అక్కడ ఒకే అరుగు మీద ఎనిమిది మంది చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. ఎనిమిది మంది కళ్లూ మండేవి. అందుకే మల్లక్క కళ్లు అందరికన్నా ఎక్కువ మండుతున్నాయన్న సంగతి ఒక్కరికీ పట్టలేదు. ఆమె కళ్లలో ఇసుక పోసినట్టు ఉండేది. నోరెండిపోయి నాలుక అంగిట్లో అతుక్కునేది. పక్కన చెంబెడు నీళ్లు లేనిదే ఆకు ముట్టేది కాదు. జొన్నరొట్టె ముక్క పులుసులో బాగా నానితేనే గొంతు దిగేది.

"గీమెకు బీడీలకంటె నీళ్ల చెంబే ఎక్కువైంది," అని తోటివాళ్లు నవ్వేవారు. మల్లక్క కూడా నవ్వేది.

ఆ నవ్వు వెనక ఒక సంగతి దాచుకుంది. ఏడాది కింద ఆమె కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు మందు తాగించారు, తగ్గలేదు. భర్త సాయిలు జగిత్యాలలో డాక్టర్ లతీఫుద్దీన్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన హైదరాబాదు పంపి పరీక్షలన్నీ చేయించి, లివర్ దెబ్బతిన్నదని తేల్చాడు. రోజూ బిళ్లలు, కళ్లకు చుక్కల మందు, నెలనెలా రక్త పరీక్ష. ఒక్కరోజు కూడా మందు ఆపొద్దని గట్టిగా చెప్పి పంపాడు.

ఈ మాట మల్లక్క ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటారా? అన్నలు, అదే నక్సలైట్లు, సారా బంద్ పెట్టిన రోజులవి. ఆ ఊళ్లో లివర్ చెడిందంటే ఒకటే అర్థం, తాగుడు. మగవాడు తాగి దొరికితేనే పంచాయతీ పెట్టి కొట్టేవాళ్లు. ఇక ఆడది దొంగచాటుగా తాగిందన్న పేరొస్తే తల ఎత్తుకుని తిరగగలదా? అందుకే నెలకొక మంగళవారం "కొండగట్టుకు మొక్కున్నది" అని చెప్పి జగిత్యాల బస్సెక్కేది. సాయిలు వారమంతా సిరిసిల్లలో సాంచెల మీద నేతపనిలో ఉండేవాడు. ఆమె ఒక్కతే పోయి ఒక్కతే వచ్చేది. దేవుడి పేరు మీద ఆడిన ఆ చిన్న అబద్ధం చివరికి ఆమె మెడకే చుట్టుకుంది.

మల్లక్కకు ఒక్కడే తమ్ముడు, కనకయ్య. తల్లి పోతే చంకనెత్తుకుని పెంచింది. వాడు అన్నల్లో కలిసి మూడేళ్లయింది. ఆ ఎండాకాలం కోరుట్ల దిక్కు గుట్టల్లో ఎదురుకాల్పుల్లో పోయాడని కబురొచ్చింది. మరునాడు మధ్యాహ్నం శవాన్ని ఊరికి తెచ్చారు.

చావు దగ్గర తోబుట్టువు ఏడుపుకు మన పల్లెల్లో ఒక పద్ధతుంది. శవం మీద పడి, పోయినవాడి చిన్నతనం నుంచి ఒక్కొక్కటీ తలచుకుంటూ రాగం తీసి శోకం పెట్టాలి. మల్లక్క రాగానే అందరూ జరిగి దారిచ్చారు. ఆమె తమ్ముడి ఛాతీ మీది తూట్లు చూసింది. నోరు తెరిచింది. ఎండిపోయిన గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. కళ్లలో ఒక్క చుక్క లేదు. శవం కాళ్ల దగ్గర కూలబడి, కట్టెలా బిగుసుకుపోయింది. మధ్యలో రెండుసార్లు చెంబెత్తి నీళ్లు తాగింది.

అయ్యో, ఆ నీళ్లు తాగడం కూడా నేరమైంది!

"తమ్ముడు సచ్చి పండుకుంటె దీనికి దూప ఎట్లైతందే?" అంది ఒకామె.

"ఒక్క చుక్కన్న రాలిందా? ముందుగాల్నే ఎర్కున్నదేమో," అంది ఇంకొకామె. ఈ రెండో మాట అన్నదెవరో ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు.

"కొండగట్టని చెప్పి జగిత్యాలల దిగుతది. నా కండ్లతోని చూసిన," అన్నాడు బస్సులో తిరిగే ఒకడు.

జగిత్యాలలో ఎవరుంటారు? పోలీసులుంటారు. అంతే, శవం లేవకముందే మల్లక్క ఇన్‌ఫార్మర్ అయిపోయింది. ఆ రోజుల్లో ఆ పేరు పడ్డ మనిషి అన్నల చేతిలో చచ్చి, ఏదో ఒక తెల్లవారి ఊరి బయట శవమై దొరికేవాడు. అంత మాటను అరుగు మీద కూర్చుని, బీడీకి దారం చుడుతూ, ఎంత తేలిగ్గా అనేశారో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మల్లక్క బస్సెక్కడం మానేసింది. సాయిలు తానే పోయి మందులు తెస్తానంటే, "నువ్వు పోయినా గదే మాటంటరు, నిన్నుగూడ పోగొట్టుకోను," అని కాళ్లు పట్టుకుంది. బిళ్లలు అయిపోయాయి. రెండు నెలలు గడిచాయి. కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి. అప్పుడు అన్నలకు దగ్గరివాడైన బీడీ సంఘం నాయకుడు చంద్రమౌళి బీడీ కార్ఖానా ముందు పంచాయతీ పెట్టించాడు.

"మల్లక్కా, నెలనెలా జగిత్యాలకు ఎందుకు పోయినవ్?"

ఆమె గుక్కెడు నీళ్లు తాగి నోరు తడుపుకుంది. "దవఖానకు పోయిన తమ్మీ."

"మరి కొండగట్టని ఎందుకు చెప్పినవ్?"

"లివరు రోగమంటె తాగుబోతుదంటరని బయపడ్డ."

కొందరు నవ్వారు. "తమ్ముడు సస్తె ఏడ్వనిది గిప్పుడు రోగమని నాటకమాడుతంది," అని ఎవరో అరిచారు.

"నాకు దుఃఖం లేదనుకున్నరా? కండ్లకు నీళ్లే వస్తలేవు. గా డాక్టర్‌నే అడుగుండ్రి," అంది మల్లక్క.

"రేపు నేనే నీ వెంట వస్త," అన్నాడు చంద్రమౌళి. "అబద్ధమైతె తర్వాత జరిగేదానికి నన్ను అడగొద్దు."

మరునాడు మల్లక్కను చూడగానే డాక్టర్ లతీఫుద్దీన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "యా అల్లా! రెండు నెలలు ఏడికి పోయినవమ్మా?"

ఆమె బదులు చంద్రమౌళే మాట్లాడాడు. "సార్, తోడబుట్టినోడు సస్తె గీమె కంట్ల చుక్క రాలే. గిది రోగమా, నాటకమా? ఒక్క మాటల చెప్పుండ్రి."

డాక్టర్ అతన్ని ఎగాదిగా చూశాడు. చిన్న కాగితపు పట్టీలు తీసి మల్లక్క కింది రెప్పల్లో పెట్టాడు. "నువ్వు కూడా కూసో," అని చంద్రమౌళి రెప్పల్లోనూ పెట్టాడు. ఇద్దరినీ కళ్లు మూసుకోమన్నాడు. అయిదు నిమిషాల తర్వాత తీసి బల్ల మీద పక్కపక్కన పరిచాడు. చంద్రమౌళి పట్టీలు సగం దాకా తడిసిపోయాయి. మల్లక్క పట్టీలు డబ్బాలోంచి తీసినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

"నేను ఏడ్వలేదు సార్," అన్నాడు చంద్రమౌళి బిత్తరపోయి.

"ఏడ్వకున్నా నీ కాయిదం తడిసింది. ఈమె తమ్ముణ్ని పోగొట్టుకున్నది, ఈమెది తడవలే. మన ఒంట్ల రోగంతోని కొట్లాడే బలం ఒకటుంటది. అది దారి తప్పి సొంత ఒంటినే దుష్మన్ అనుకున్నది. కన్నీళ్లను ఎండగొట్టింది, నోట్ల ఉమ్మిని ఎండగొట్టింది, లివర్ మీద పడ్డది. సారాకూ దీనికీ సంబంధమే లేదు. ముట్టుకుంటె అంటదు. మందేసుకుంటె బతుకుతది. మరి మందు ఆపించిందెవరు?"

చంద్రమౌళి అంగీ జేబులో ఒక చీటీ ఉంది. అందులో ఇన్‌ఫార్మర్ అని మల్లక్క పేరుంది. ఆ సాయంత్రమే అన్నల దళానికి చేరవలసిన చీటీ అది. దాన్ని తీసి, డాక్టర్ ఎదుటే ముక్కలు ముక్కలు చేశాడు. మల్లక్క అది చూసింది.

అటునుంచి అటే ఆమెను హైదరాబాదు తీసుకుపోయారు. నెల తర్వాత సాయిలు భుజం పట్టుకుని ఊళ్లో దిగింది. ప్రాణం దక్కింది గానీ, ఆ రెండు నెలల్లో చెడిన లివర్ ఇక బాగుపడదని అక్కడి డాక్టర్లు చెప్పారు. మునుపటిలా రోజంతా కూర్చుని బీడీలు చుట్టే ఓపిక ఆమెకు మళ్లీ రాలేదు.

చంద్రమౌళి కార్ఖానా ముందు అందరినీ పిలిచి, జరిగింది దాచకుండా చెప్పాడు, తన జేబులోని చీటీతో సహా. విని అరుగు మీది ఆడవాళ్లంతా మల్లక్క మీద పడి రాగాలు తీసి ఏడ్చారు. ఆమె వాళ్లను మెల్లగా పక్కకు జరిపి, నీళ్లు తాగి గొంతు సవరించుకుంది.

"ఏడ్వకుండ్రమ్మా. ఏడ్సినోళ్లందరు మంచోళ్లనుకోకుండ్రి. ఏడ్వనోళ్లకు దుఃఖం లేదనుకోకుండ్రి. ఒక మనిషి మీద నింద వేసే ముందుగాల, నీకేమైందని ఒక్కసారన్న అడుగుండ్రి."