కేకు తెచ్చినవాళ్ళ మాట

వెన్నలో చక్కెర వేసి గిలక్కొడుతుంటే మా ల్యాబ్ పెద్ద టోర్కెల్ నిన్న అన్న మాటే చెవిలో తిరుగుతోంది. "రేపు మెల్కర్ వ్యాసం పత్రికకి పంపించేస్తున్నాం టీరా. పాపం, వాడికి ఓవెన్ వెలిగించడం కూడా రాదు. కేకు నువ్వే చేసుకొచ్చెయ్."

మా ఊరు ఉప్సాలాలో ఎవరి పండుగైతే వాళ్ళే కేకు తేవాలి. దాన్ని కోస్తూ తాము చేసిన పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. నా తోటి పరిశోధకుడు మెల్కర్ పండుగలకు మాత్రం చెయ్యడం నా వంతు, కొయ్యడం అతని వంతు.

ఆ వ్యాసంలో ఉన్న పనంతా నాది. మూత్రాశయ కేన్సర్ వచ్చినవాళ్ళ కణాల్లో, పెరుగుదలను అదుపులో పెట్టే జన్యువొకటి పనిచెయ్యడం మానేస్తోంది. అదెక్కడ విరిగిందా అని మెల్కర్ రెండు శీతాకాలాలు వెతికాడు. అసలు విరిగితేగా! జన్యువు చెక్కుచెదరలేదు. దాన్ని నడిపే మీట మీద ఏదో రసాయనం మూతలా కూర్చుంది. అది కనిపెట్టిందీ నేనే, మందు వేసి వదిలించిందీ నేనే. కణాల పెరుగుదల ఆగిన రోజు ఒక్కదాన్నే కూర్చుని సంతోషంతో ఏడ్చాను. పని ఎవరిదైతే వ్యాసంలో వాళ్ళ పేరే ముందుండాలి, నాది మూడోది. ఆ సంగతి చెబితే మా ఆయన స్టెల్లాన్ పేపర్లోంచి తలెత్తకుండానే, "పేరు ముందుంటే ఏంటి, వెనకుంటే ఏంటి? మన తలుపు మీద నా పేరొక్కటే ఉంది, నువ్వెప్పుడైనా బాధపడ్డావా?" అన్నాడు. అప్పుడు నవ్వేశాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నాకే ఒళ్ళు మండుతోంది.

మధ్యాహ్నం కాఫీ వేళకు అందరూ చేరారు. మెల్కర్ అలవాటుగా పళ్ళెం కోసం చేతులు చాచాడు. ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి నేనే కత్తి తీసుకున్నాను.

"కేకు నేను తెచ్చాను కాబట్టి మాటలు కూడా నావే," అని మొదలుపెట్టాను. జన్యువు బాగానే ఉందనీ, దాని మీట మూసుకుపోయిందనీ, ఆ మూత తీశాననీ చెప్పాను.

"తీశాం అనాలి," టోర్కెల్ నవ్వుతూ సర్దిచెప్పబోయాడు.

"కాదు టోర్కెల్, తీశాను. పేరున్న ప్రతివాళ్ళూ ఒప్పుకుంటేనే కదా వ్యాసం వెళ్ళేది? నా పేరు ముందుంటేనే ఒప్పుకుంటాను."

మెల్కర్ తన కప్పులోకి చూస్తున్నాడు. కేకు తిన్నగానే తెగింది. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి, మొదటి ముక్క నా పళ్ళెంలో పెట్టుకున్నాను.