తలుపు రోజుకు ఆ పేరెలా వచ్చింది

మా వీధిలో ఏటా ‘తలుపు రోజు’ జరుగుతుంది. ఆ రోజు ఉన్నవాళ్ళు గుమ్మాల ముందు దుప్పట్లు, బట్టలు, మందులు పెడతారు. లేనివాళ్ళు వచ్చి పట్టుకెళతారు. ఆ పేరెలా వచ్చిందో మైకు పట్టుకున్నావిడ ఏటా చెబుతుంది. జోరువానలో తడిసిపోతున్న ఒక తల్లికీ పిల్లలకీ మా మేనమామ తలుపు తెరిచాడట. అందుకని తలుపు రోజట.

ఆ తల్లి మా అమ్మ. ఆ పిల్లలం నేనూ చెల్లీ. ఆ తలుపు తెరుచుకోలేదు.

నాన్న పోయిన ఏడాది అది. చెల్లి ఒళ్ళు కాలిపోతోంది, చెవుల్లోంచి చీము కారుతోంది. తట్టితట్టి చేతులు నొప్పెట్టాక అమ్మ రాయి తీసుకుని తలుపు బాదింది. లోపల దీపం వెలుగుతూనే ఉంది. మామయ్య దగ్గు కూడా వినబడింది. చూడలేక ఇరుగుపొరుగువాళ్ళే పాలు, మందులు, దుప్పట్లు తెచ్చి మూసిన తలుపు ముందు పెట్టారు. తర్వాత మామయ్యని దెప్పడానికే ఆ రోజుకి తలుపు రోజని పేరు పెట్టి, ఏటా అలాగే పెడుతూ వచ్చారు. ఆయన సిగ్గుపడలేదు సరికదా, మెల్లగా దాన్ని తన గొప్పగా మార్చేసుకున్నాడు. చెల్లికి జ్వరమైతే తగ్గింది కానీ మళ్ళీ ఏమీ వినబడలేదు.

“పోనీరా, తోడబుట్టినవాడు” అని అమ్మ ఉన్నన్నాళ్ళూ నా నోరు నొక్కేసింది. పోయిన చలికాలంలో అమ్మ పోయింది. ఇక నాకు అడ్డెవరూ లేరు.

నేను వడ్రంగిని. ఈ ఏడు మామయ్యే కబురు పెట్టాడు.

“తలుపు బిగుసుకుపోతోందిరా అల్లుడూ. అలాగే ఆ గంట్లు కాస్త చిత్రిక పట్టెయ్. జనం చూస్తే బావుండదు.”

అవి అమ్మ రాతి దెబ్బలు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నవ్వి, “దానికేం మామయ్యా” అన్నాను. బిగువు తీశాను, గంట్ల జోలికి పోలేదు. బయట మాత్రం కొత్త గడియ బిగించాను.

“ఇదెందుకురా?”

“ఊరెళ్ళేటప్పుడు తాళం వేసుకోవచ్చు మామయ్యా.”

“మీ అమ్మ పోలిక రాలేదురా నీకు. బుద్ధిమంతుడివి.”

తలుపు రోజున వీధి జనంతో నిండిపోయింది. మామయ్య లోపలున్నాడు. ఆ ఇంటి కిటికీలకి ఊచలు, ఇంకో దారి లేదు. మైకావిడ కథ చెబుతుండగా గడియ పెట్టేశాను.

“ఇప్పుడాయన తలుపు తెరిచి మన ముందుకొస్తారు” అందావిడ. అందరూ చప్పట్లు కొట్టారు. తలుపు కదిలింది కానీ తెరుచుకోలేదు. మామయ్య తట్టాడు. తర్వాత బాదాడు.

“ఒరేయ్ అల్లుడూ, తియ్యరా.”

నేను తలుపుకి అడ్డంగా నిలబడి, మైకు అడిగి తీసుకుని, ఆ పేరెలా వచ్చిందో మొదటినుంచి చెప్పాను. లోపలాయన బాదుతూనే ఉన్నాడు. ముసలి పొరుగువాళ్ళు అవునని తలలూపారు. నా కడుపుమంట చల్లారుతుంటే హాయిగానే ఉంది, అబద్ధమెందుకు.

చెల్లి ముందుకొచ్చి గంట్ల మీద అరచెయ్యి ఆనించింది. లోపలి దెబ్బలు ఆ చేతికి తెలుస్తున్నాయి. తియ్యనా అని సైగ చేశాను.

చెయ్యి అక్కడే ఉంచి, వద్దని తల అడ్డంగా ఊపింది.