గోడకు అడ్డంగా అరవై అంగుళాలు

నేను ఒక టైలరు టేపును. పసుపు రంగు, అరవై అంగుళాల పొడుగు, రెండు కొసలకూ ఇత్తడి రేకులు. ఏదో పట్నంలో ఒక యంత్రం నన్నూ నాలాంటి మరో వెయ్యిమందినీ ఒక్క పూటలో కనిపడేసింది, కాబట్టి నా బాల్యం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కర్నూలు బజారులో దస్తగిరమ్మ నన్ను బేరమాడి, మెడలో వేసుకున్న రోజే నా అసలు పుట్టినరోజు.

దస్తగిరమ్మ మా ఊరికంతటికీ ఒకే ఒక్క టైలరు. ఆమె మెడలో పన్నెండేళ్ళు ఊరేగాను. మనుషుల గుట్టు నాకు తెలిసినంత వాళ్ళ దేవుళ్ళకు కూడా తెలియదు. నన్ను చూడగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోని మనిషి ఇంతవరకు నాకు తారసపడలేదు. కొలత అయిపోగానే ఆ పొట్ట మళ్ళీ తన చోటికి వచ్చేస్తుంది. పండగనాడు జాకెట్టు పట్టలేదని దస్తగిరమ్మ మీద విరుచుకుపడతారు. అందుకని ఆమె ఎవరికీ చెప్పకుండా ప్రతి కొలతకూ రెండంగుళాలు వదులు కలుపుకుంటుంది. చేతికి అదొక అలవాటైపోయింది.

ఇక మా ఊరు. పై వీధికీ కింది వీధికీ ఇరవై ఏళ్ళు పగ. ఇళ్ళు కాలాయి, మనుషులు పోయారు. ఆ రోజుల్లోనే రెండు వీధుల మధ్య దారికి అడ్డంగా ఏడడుగుల రాతిగోడ లేచింది. తర్వాత రాజీ అయింది. పై వీధి పెద్ద సుంకన్న, కింది వీధి పెద్ద తిమ్మప్ప దండలు మార్చుకున్నారు, ఫోటో దిగారు, పొట్టేళ్ళు కోయించారు. గోడ మాత్రం అలాగే ఉండిపోయింది. ముందు రాయి తీసినవాడు తగ్గినట్టు కదా! మగవాళ్ళకు దానితో ఇబ్బంది లేదు, మోటారు సైకిలు మీద చుట్టు తిరిగి పోతారు. మంచినీళ్ళ కొళాయి, ఆటోలు ఆగే చోటు పై వీధిలో ఉన్నాయి. కింది వీధి ఆడవాళ్ళు బిందెలెత్తుకుని, చేల గట్ల వెంట ఊరంతా చుట్టి రావాలి.

కింది వీధి ఉరుకుందమ్మకు మొదటి కాన్పు నొప్పులు వచ్చినప్పుడు మంచం మీద పడుకోబెట్టి ఆ గట్ల వెంటే మోసుకుపోయారు. ఆటో దగ్గరికి చేరేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ఆమెకు మళ్ళీ ఏడో నెల. జాకెట్టు కొలతకు వచ్చినప్పుడు ఆమె పొట్ట చుట్టూ తిరిగానా, లోపలి నుంచి ఎవరో నన్ను టపీమని తన్నారు! పన్నెండేళ్ళలో నాకంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. ఈ బిడ్డ వచ్చేలోగా ఆ గోడ పోవాలని ఉరుకుందమ్మ కోరిక. ఆ తన్నుతో అది నా కోరిక కూడా అయింది.

అప్పుడే యూనివర్సిటీ నుంచి సువార్త అనే అమ్మాయి వచ్చింది. పగలు చల్లారిన ఊళ్ళలో ఆడవాళ్ళు ఎలా ఉన్నారని ఆమె పరిశోధన. చేతిలో అరవై నాలుగు ప్రశ్నల కట్ట. ఊరి చివర ఉన్న దస్తగిరమ్మ అరుగు మీద మకాం పెట్టింది. రెండు వీధుల ఆడవాళ్ళూ తొక్కే గడప అదొక్కటే, అదీ పై వీధివాళ్ళు పొద్దున, కింది వీధివాళ్ళు సాయంత్రం.

"అక్కా, రాజీ తర్వాత మీకు భద్రత ఎంత పెరిగిందనుకుంటున్నారు? ఒకటి నుంచి అయిదు లోపల చెప్పండి."

"అయిదు ఏసుకో పాపా," అంది దస్తగిరమ్మ. "అంత దూరం నుంచి వచ్చినావు, తక్కువ ఏస్తే బాగుండదు."

అందరూ అయిదే వేయించారు. సాయంత్రానికి కాగితాల మీద మా ఊరు స్వర్గమైపోయింది. సువార్త తల పట్టుకుని కూర్చుంది. అప్పుడు ఉరుకుందమ్మ అడిగింది.

"నీ ప్రశ్నలు అయిపాయ కదా పాపా, మా ప్రశ్న ఒకటుండాది. ఈ గోడ వల్ల మేము యంత దూరం నడుస్తాండామో యవురన్నా లెక్క రాసినారా?"

ఎవరూ రాయలేదు. సువార్త ప్రశ్నల కట్టను సంచిలో కుక్కేసింది. "రేపు మీరే కొలవండక్కా. నేను రాసుకుంటాను."

దేనితో కొలవాలి? అందరి చూపూ ఒక్కసారే దస్తగిరమ్మ మెడ మీదికి మళ్ళింది. నేను సిగ్గుతో మెలికలు తిరిగిపోయాను.

జాకెట్లు కొలిచే నేను ఊరు కొలవడానికి బయలుదేరాను! ఒక వీధి లెక్క ఇంకో వీధి నమ్మదు కనుక ఒక కొస పై వీధివాళ్ళు, ఇంకో కొస కింది వీధివాళ్ళు పట్టుకోవాలని, లెక్క రెండు వీధులూ కలిసి గట్టిగా అరవాలని ఒప్పందం. ఉరుకుందమ్మ ముందు నడుస్తూ దారి చూపింది. దస్తగిరమ్మ పుల్లతో గీత గీసింది. గట్టు మీద పడుకున్నాను, లేచాను, మళ్ళీ పడుకున్నాను. వేరుశనగ చేలో మేక ఒకటి నన్ను నమలబోయింది. మొదటి రోజు అంకెలు తప్ప మాటల్లేవు. రెండో రోజు పై వీధి రొట్టెలు కింది వీధి పచ్చడిలో మునిగాయి. ముద్ద నోట్లో పెట్టుకుని అరిస్తే లెక్క తప్పి, నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళి మళ్ళీ కొలిచారు. మొత్తం పన్నెండు వందల టేపులు!

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూడింది. "ఉరుకుందమ్మ గడప నుంచి ఆటో దాకా పన్నెండు వందల టేపులు, అంటే ఆరువేల రెండు వందల అడుగులు," అని సువార్త చదివింది.

సుంకన్న వేళ్ళు మడిచాడు. "టేపంటే అయిదడుగులు. పన్నెండు వందలకు ఆరువేలే కదా రావాల! పైన రెండు వందలు యాడినుంచి వచ్చె?"

దస్తగిరమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యో నా మతి మండ! అడుగుల లెక్క నేనే చెప్తిని, అలవాటు కొద్దీ టేపుకు రెండంగుళాలు వదులు ఏసినానన్నా."

సుంకన్న, తిమ్మప్ప పడీ పడీ నవ్వారు. ఫోటో దిగిన తర్వాత వాళ్ళు కలిసి నవ్వడం అదే మొదలు. ఆడోళ్ళ లెక్క చెల్లదు పొమ్మన్నారు. అప్పుడు ఉరుకుందమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"మా లెక్క తప్పే తిమ్మప్ప మామా. నిజం లెక్క మీరే తేల్చండి. గోడ చుట్టూ యంతో, గోడ లేకుంటే నేరుగా యంతో. రెండూ కావాల."

ఊరంతా చూస్తుంటే కాదంటారా? నన్ను పట్టుకుని చుట్టుదారి పట్టారు. నలభయ్యో టేపుకే సుంకన్న నడుం పట్టేసింది, ఆరువేలకు ఇద్దరూ ఒప్పేసుకున్నారు. ఇక నేరుదారి. తిమ్మప్ప కొలుచుకుంటూ గోడ దాకా వచ్చాడు, సుంకన్న బండి మీద చుట్టు తిరిగి అవతల నిలబడ్డాడు. తిమ్మప్ప నా కొసను గోడ మీది నుంచి విసరబోయాడు.

"ఆగన్నా!" అంది దస్తగిరమ్మ. "బొజ్జ మీది నుంచి కొలిస్తే వీపు కొలత వస్తాదా? గోడ ఎత్తు కూడా కలిసిపోదూ! నన్ను తప్పు పట్టి మీరే తప్పు చేస్తారా?"

ఇద్దరికీ రోషం వచ్చింది. మరి నేను అడ్డంగా పోవాలంటే రాయి తీయాలి. ఎవరు తీయాలి?

"కొలతకు తీస్తే తీసినట్టు కాదులే," అన్నాడు తిమ్మప్ప, ఎవరితోనో అన్నట్టు.

"కాదు కాదు," అంది గోడ అవతలి గొంతు.

ఇటు నుంచి ఒకరు నెట్టారు, అటు నుంచి ఒకరు లాగారు. రాయి ఊడింది. ఆ కంతలో దూరిన నా కొసను సుంకన్న వేళ్ళు అందుకున్నాయి. నేను వంకరగా ఉన్నానని ఇంకో రాయి తీశారు. బిగుసుకున్నానని మరొకటి. పై నుంచి జారేవాటిని ఆడవాళ్ళు రెండు వైపులా అందుకుని పక్కన పేర్చారు. "కొలతకే, కొలతకే" అనుకుంటూ మధ్యాహ్నానికి అక్కడొక గుమ్మమంత సందు చేశారు. అందులో నేను తిన్నగా, బల్లపరుపుగా, మహారాజులా పడుకున్నాను. ఇద్దరు పెద్దలూ రెండు కొసల దగ్గర వంగారు.

"జరుగు మామా, కొళాయిలో నీళ్ళు నిలిచిపోతాయి," అంటూ ఉరుకుందమ్మ చంకలో బిందెతో నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక వీధి వీధంతా. ఎన్ని పాదాలు! ఎన్ని బిందెలు! ఆ తొక్కిడిలో సరిగ్గా ముప్పయ్యో అంగుళం దగ్గర పుటుక్కున తెగిపోయాను. నన్ను నమ్మండి, కేరింతలు కొడుతూ తెగాను.

రెండు నెలల తర్వాత, రోజుకో రాయి ఊడి వెడల్పయిన ఆ సందులోంచి ఆటో ఉరుకుందమ్మ గడప ముందుకే వచ్చి ఆగింది. మూడో రోజు అదే ఆటోలో ఒక ఆడపిల్ల రెండు వీధులకూ వినబడేలా ఏడుస్తూ ఇంటికొచ్చింది.

ఇప్పుడు నేను రెండు ముక్కలుగా దస్తగిరమ్మ కుట్టుమిషను సొరుగులో ఉన్నాను. కిందటి వారం సువార్త వచ్చింది. పుస్తకం అచ్చుకు పోతోందట, ఒక గడి ఖాళీగా ఉండిపోయిందట.

"చుట్టుదారి ఆరువేల అడుగులని రాశానక్కా. నేరుదారి ఎంతో చెప్పనేలేదు మీరు."

అరుగు మీద రెండు వీధుల ఆడవాళ్ళూ కలిసే కూర్చున్నారు. నిజమే, ఆ రోజు నన్ను ఎవరూ చదవలేదు. దస్తగిరమ్మ కొత్త టేపు తీసుకుని లేవబోయింది. ఉరుకుందమ్మ పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"కూర్చోక్కా, కొలిచేదేముండాది? దూరం లేదని రాసుకో పాపా."

సువార్త అలాగే రాసుకుంది.